గాజు పని మొదలుపెట్టిన మా అమ్మాయికి

చి.ల.సౌ. అమ్మాయికి, పిన్ని దీవెనలు. ఇది అల్లుడు గారికి కూడా చదివి వినిపించు.

యలహంకలో ఎవరో గృహప్రవేశానికి దేవుడి గది తలుపుకి గాజు పలకలు అడిగారని, పదిహేను రోజుల్లో ఇవ్వాలన్నారని రాశావు. ఆ తేదీకి ఒప్పుకోవద్దు. గాజు కరగడానికి కొన్ని గంటలు చాలు, కానీ అది చల్లారేది దాని ఇష్టప్రకారమే. ముహూర్తం పెట్టుకున్నవాళ్ళకి ఈ సంగతి చెప్పినా ఎక్కదు.

మీ పలకలు కిల్న్‌లోంచి (గాజు కరిగించే కరెంటు కొలిమిలోంచి) బాగానే వచ్చి, రెండు రోజులయ్యాక అలమరలో టక్కుమని పగిలాయి కదా. మీరు మామూలు కిటికీ గాజు మీద కొన్న రంగు గాజు ముక్కలు పెట్టి కరిగిస్తున్నారు. మొదటి అనుమానం అక్కడే. వేడికి సాగడం, చల్లబడితే ముడుచుకోవడం ఒక్కో గాజుకి ఒక్కోలా ఉంటుంది. ఆ సాగే లెక్కని బట్టే రంగు గాజుని 90 అని, 96 అని రెండు రకాలుగా అమ్ముతారు. ఆ రెంటికీ ఒకదానితో ఒకటి పడదు, కిటికీ గాజుతో అసలే పడదు. కిల్న్‌లో చక్కగా అతుక్కుంటాయి, తర్వాత లోపల్లోపల గొడవపడి విడిపోతాయి. (మీ ఇద్దరి గురించి కాదులే.) రంగు కావాలంటే కిటికీ గాజుకి సరిపడే, కిల్న్‌లో కాల్చే ఎనామిల్ రంగులు వాడండి. ఒక పలకకి కావలసిన ముక్కలన్నీ ఒకే షీటులోంచి కోసుకోండి.

రెండో అనుమానం చల్లార్చడంలో తొందర మీద. 820 డిగ్రీల చుట్టుపక్కల గాజు కలిసిపోయాక, 550 దగ్గర ఆపి గంటసేపు ఉంచాలి. 4 మిల్లీమీటర్ల గాజు రెండు పొరలకి ఆ గంట చాలు, మందం పెరిగితే ఇంకా ఎక్కువ కావాలి. అక్కణ్ణుంచి 370 దాకా మెల్లగా దించి, స్విచ్ ఆపేసి వదిలెయ్యండి. మూత కొంచెం ఎత్తి తొంగి చూసే అలవాటు అల్లుడు గారికి ఉందన్నావు. 50 డిగ్రీలకి దిగేదాకా ఆ మూత జోలికి ఎవరూ వెళ్ళకూడదని నా మాటగా చెప్పు. మధ్యలో కరెంటు పోయినా అంతే. తర్వాత ఆ పలకని మళ్ళీ నెమ్మదిగా 550కి తీసుకెళ్ళి, పద్ధతిగా చల్లార్చుకోవచ్చు.

అమ్మేముందు ప్రతి పలకనీ రెండు పోలరైజింగ్ ఫిల్ముల (వెలుతురుని ఒక దిశలోనే వదిలే పల్చటి షీట్ల) మధ్య పెట్టి చూడు. ఫిల్ములని ఒకదానికొకటి అడ్డంగా తిప్పితే వెలుతురు ఆగి నల్లబడుతుంది. అప్పుడు గాజులో ముక్కల అంచుల వెంట తెల్లటి వెలుగు కనిపిస్తే లోపల ఒత్తిడి ఉన్నట్టే. రంగు గాజులో ఇది సరిగ్గా తెలియదు కాబట్టి ముందు పారదర్శకమైన ముక్కతో పరీక్ష చేసుకో.

తలుపు విషయంలో ఇంకో మాట. పిల్లలు తోసే చోట బయటివైపు టఫెన్డ్ గాజు (కాల్చి గట్టిపరిచినది), దాని వెనక మీ పలక పెట్టమనండి. టఫెన్డ్ గాజుని కొలత ప్రకారమే తెప్పించాలి. కోయబోతే పొడిపొడి అవుతుంది, కిల్న్‌లో పెడితే ఆ గట్టిదనం పోతుంది.

కొట్టంలో చెప్పులు లేకుండా తిరగొద్దు, మీ అత్తగారు ఏమన్నా సరే. గాజు అడుగున అంటుకోకుండా వాడే కిల్న్ వాష్ పొడినీ ఫైబర్ పేపర్ దుమ్మునీ చీపురుతో ఊడవకండి, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. సీసం కలిసిన సోల్డర్‌తో అతికే పని వంటింటి బల్ల మీద వద్దే వద్దు. ఆ చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం ముట్టుకోవాలి.

చిన్న పలకలు, వేలాడదీసే తోరణాలు చేసి ఉంచుకుంటే జనవరిలో బెంగళూరు కుమారకృప రోడ్డు మీద జరిగే చిత్రసంతెకి (బొమ్మల సంతకి) పనికొస్తాయి. ఆర్డర్ల కన్నా అదే నయం, గడువు టెన్షన్ ఉండదు.

వచ్చే నెల నేనే దొడ్డబళ్ళాపురం వైపు వస్తాను. మీ కిల్న్ 3.5 కిలోవాట్లదంటున్నావు, అంటే 15 ఆంపియర్ల పైనే లాగుతుంది. నేను వచ్చేలోపు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి దానికి వేరే లైను, వేరే ఎంసీబీ వేయించు.

పిన్ని