గొట్టం పాతే ముందు తూము చూడు

చిరంజీవి మాధవికి తాతయ్య ఆశీస్సులు.

నీ పరిశోధనకు వరిలో ఆరుతడి పద్ధతిని, అంటే ఎప్పుడూ నీరు నిలపకుండా మడి ఆరాక మళ్లీ తడి పెట్టడాన్ని, ఎంచుకున్నావనీ, కోవూరు, విడవలూరు వైపు రైతుల పొలాల్లోనే ప్రయోగం పెడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. మంచి పని పట్టుకున్నావు. సోమశిల జలాశయానికి 78 టీఎంసీలు పట్టే సామర్థ్యం ఉన్నా, అది నిండని ఏడు కాలువ చివరనున్న శివారు రైతు ముఖం ఎలా ఉంటుందో నీటి సంఘంలో పనిచేసిన నాకు బాగా తెలుసు. నీరు నిలిచిన మడిలో నేలకు గాలి ఆడక మీథేన్ పుడుతుందనీ, మధ్యమధ్య ఆరబెడితే అది బాగా తగ్గుతుందనీ శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. దాని మీద నాకు పేచీ లేదు.

చిల్లులు పెట్టిన అడుగు పొడవు గొట్టాన్ని సగం నేలలోకి దింపి, లోపలి మట్టి తీసేసి, అందులో నీరు నేల మట్టం కన్నా 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ 5 సెంటీమీటర్ల మేర తడి పెట్టమంటారు. బోరు కింద ఇది సుళువే, మోటారు స్విచ్చి రైతు చేతిలోనే ఉంటుంది. కాలువ కింద ఆ స్విచ్చి ఎవరి చేతిలోనూ లేదు.

మన దగ్గర చాలా చోట్ల మడి మడికీ వేరే బోదె (పిల్ల కాలువ) ఉండదు. పై మడి నిండాక గట్టుకు కొట్టిన మడవ గుండా నీరు కింది మడిలోకి దిగుతుంది. నీ ప్రయోగం నడిమి మడిలో పెట్టావనుకో. అది ఆరాలంటే కింది వాళ్ల పైరూ ఆరాలి, వాళ్లకు తడి కావాలంటే నీ మడి నిండాలి. సాయంత్రం గొట్టంలో నీరు 12 సెంటీమీటర్లు దిగిందని రాసుకుని వెళ్తావు. రాత్రి ఎవరో మడవ తెంచుతారు. తెల్లవారేసరికి గొట్టం మునిగి ఉంటుంది. ఎవరినని తిడతావు? ఎవరి పైరు వాళ్లకు ముఖ్యం.

అందుకని ఒక మడిని కాదు, ఒక తూమును, అంటే కాలువ నుంచి పొలాలకు నీరు వదిలే ద్వారాన్ని, ఎంచుకో. చిన్న తూమైనా పరవాలేదు. దాని కింద ఎన్ని ఎకరాలున్నాయి, నీరు ఎవరి తర్వాత ఎవరికి పారుతుంది, చివరికి ఏ మురుగు కాలువలో పడుతుంది, అన్నీ పటం గీసుకో. గీసేటప్పుడు కాలువ, తూములు చూసుకునే లస్కరును వెంట పెట్టుకో. రికార్డుల్లో లేని మడవలు అతనికే తెలుస్తాయి.

ఇక రైతు నిన్ను అడగబోయే ప్రశ్న ఒకటుంది: "నాకేమిటి లాభం?" భూతాపం గురించి మొదలుపెట్టావో, మర్యాదగా తల ఊపి వెళ్లిపోతాడు. కాలువ నీటికి తీరువా (నీటి పన్ను) ఎకరాల లెక్కన కడతాడు కాబట్టి తక్కువ వాడినా అతనికి రూపాయి మిగలదు. మిగిలిన నీరు శివారుకు పోతుంది. నేల ఆరితే కలుపు పెరుగుతుంది, ఆ కూలి ఖర్చు మాత్రం అతనిది. కౌలు రైతయితే మరీ కష్టం. నా మాట వింటే, కలుపు ఖర్చు ప్రయోగం పద్దులో పెట్టుకుంటామని మొదటి రోజే చెప్పు, శివారు రైతులను కూడా ఆ సమావేశానికి పిలువు. నీళ్లు అందేది వాళ్లకే, కాబట్టి పై రైతుల మీద ఒత్తిడి తెచ్చేదీ వాళ్లే. పరిశోధన నివేదికల్లో ఈ భాగానికి ఒక పేరా కూడా దక్కదు, ఎందుకో మరి.

సముద్రం వైపు చౌడు పొలాల్లో మట్టి పరీక్ష లేకుండా ఆరబెట్టకు. తడి ఆరితే ఉప్పు పైకి తేలుతుంది, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు మడిలో నీరు ఉండాల్సిందే. సరిగ్గా అప్పుడే కాలువకు వంతులు పెడితే ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించి పెట్టుకో.

అగ్గితెగులు మన జిల్లాకు పాత శత్రువు. రాత్రి చలి, ఆకు మీద మంచు, దండిగా వేసిన యూరియా కలిస్తే చాలు. నేల ఆరిన పైరు దానికి ఇంకా తేలికగా లొంగుతుంది. నూలుకండె ఆకారంలో, నడుమ బూడిద రంగుతో, చుట్టూ గోధుమ రంగు అంచుతో మచ్చ కనిపించిందంటే, ఆ రోజు మిగతా కొలతలు ఆపి ముందు దాని సంగతి చూడు. నెల్లూరు పరిశోధన స్థానం వారి నెల్లూరు మసూరి (ఎన్‌ఎల్‌ఆర్ 34449) వరి రకం ఈ తెగులును కొంత తట్టుకుంటుంది. ఆరబెట్టే మడిలోనూ పక్కన రైతు పద్ధతి మడిలోనూ ఒకే రకం, ఒకే మోతాదు యూరియా ఉండాలి. లేకపోతే తేడా నీటిదో ఎరువుదో నువ్వే తేల్చలేవు.

దిగుబడి ఎంతని అడిగితే రైతు పుట్లలో చెబుతాడు. మన పుట్టి 850 కిలోలు. కానీ అతను చెప్పేది కోత యంత్రం నుంచి దిగిన పచ్చి ధాన్యం తూకం. నువ్వు తేమ కొలిచి లెక్క కట్టు. మడవ దగ్గర, గట్టు వార ఉన్న పైరును కోత లెక్కలోకి తీసుకోకు, అక్కడ పంట ఎప్పుడూ వేరుగానే ఉంటుంది.

నీళ్లు వదిలే తేదీ ఖరారయ్యే లోపు తూము పటం ఫోటో తీసి పంపు. సంగం వైపు నాతో పనిచేసిన ఇద్దరికి చెప్పి ఉంచుతాను. వాళ్లను కలవాలంటే ఉదయం ఏడింటికల్లా వెళ్లు, ఎండెక్కితే ఇంట్లో దొరకరు.

ఇట్లు,
మీ తాతయ్య