ఒకటిన్నర బస్తా

పర్లాకిమిడి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బరంపురంలో ఒడియా బడిలో చదువుకుని ఇంత తెలుగు రాస్తున్నావంటే ముందు మా చెల్లిని మెచ్చుకోవాలి. కానీ "పరమాణు కేంద్రకం దగ్గర ఊహకందని విద్యుత్ క్షేత్రం ఉంటుంది" అన్నావు చూడు, అక్కడే చప్పబడిపోయింది. ఊహకి అందదంటే ఇక నువ్వు రాయడం ఎందుకే?

కాగితం తీసి లెక్క వెయ్యి. బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లు. వ్యాసార్ధం సుమారు 7 ఫెర్మీలు, అంటే 7 × 10⁻¹⁵ మీటర్లు. చార్జ్‌ని మధ్య నుంచి ఉన్న దూరం వర్గంతో భాగించే కూలుమ్ సూత్రంలో వేస్తే అంచు దగ్గర క్షేత్రం మీటరుకు 2.3 × 10²¹ వోల్టులు వస్తుంది. గాలిలో నిప్పురవ్వ లేవడానికి మీటరుకు 30 లక్షల వోల్టులు చాలు. సరే, ఈ సున్నాలు చూసి ఎవరూ ఉలిక్కిపడరు. బలం కట్టి చూడు. బయట నుంచి వచ్చి ఆ అంచును తాకబోయే ఒక్క ప్రోటాన్ మీద దాదాపు 370 న్యూటన్లు, అంటే 38 కిలోల బరువు. మన పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒకటిన్నర! నేనైతే వ్యాసం బస్తాతోనే మొదలుపెడతాను.

నడిమధ్యలో క్షేత్రం అనంతం అనీ రాశావు. దూరం సున్నా అని సూత్రంలో వేసేశావు కదూ? అది కేంద్రకం బయట పనికొచ్చే సూత్రం. లోపల చార్జ్ అంతటా సమంగా పరుచుకుందనుకుంటే, లోపలికి వెళ్లేకొద్దీ క్షేత్రం తగ్గి సరిగ్గా మధ్యలో సున్నా అవుతుంది. రథయాత్రలో నాలుగు వైపులా జనం ఒకేలా నెడితే మధ్యలోవాడు కదలడు చూడు, అలా.

నేనూ తక్కువ తినలేదులే. నా మొదటి వ్యాసంలో దూరం అంచు నుంచి కొలిచాను. అంచుకు 7 ఫెర్మీల అవతల అంటే మధ్య నుంచి 14, నేను 7 అనే వేశాను. బలం నాలుగింతలు ఎక్కువ పడింది, అలాగే అచ్చయింది. ఎవరో మాస్టారు పోస్టుకార్డు మీద లెక్కంతా వేసి పంపారు. ఒక్క తిట్టు లేదు, అందుకే ఇంకా సిగ్గేసింది.

ఇక భాష. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు నడుం కట్టింది ఈ ఊళ్లోనే. ఆ ఊరివాడికి "విద్యుదావేశిత కణసముదాయము" అని రాసి పంపుతావా? చార్జ్ అను, చాలు.

రెండో పేరా మార్చి పంపు. లెక్క వేసిన కాగితం కూడా జతచెయ్యి, అది లేకుండా చదవను.

మావయ్య