కూడాలా, తీసెయ్యాలా?

చిన్నీ,

నీకు గాజువాక దగ్గరే పోస్టింగ్ వచ్చిందని, మూడో తరగతి ఇచ్చారని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. బడి అయ్యాక రోజూ ఓ గంట పిల్లల్ని కూర్చోబెట్టి, కొనుక్కున్న వర్క్‌షీట్ల నుంచి పది రాత లెక్కలు, అదే, కథలా మాటల్లో ఇచ్చే లెక్కలు, చేయిస్తానన్నావట. ఫోన్ పెట్టేశాక ఆ మాట మీ పెదనాన్నకి మూడుసార్లు చెప్పాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఉత్త సంతోషమే అయితే పట్టేదే.

బోర్డు మీద అక్షరాలు పెద్దగా రాయి. పిల్లల పేర్లు మొదటి వారంలోనే నేర్చుకో. ఎక్కాలు రోజూ ఐదు నిమిషాలు చాలు. గొంతుకి మిరియాల పాలు తాగు. ఇవన్నీ నీకు తెలిసినవే.

కానీ రోజుకి పది లెక్కలేమిటే? ఎవరు చెప్పారు నీకు? పది ఇస్తే పిల్లల ధ్యాసంతా ఎప్పుడు అయిపోతాయా అన్నదాని మీదే ఉంటుంది. ఒక్కటి ఇవ్వు. అది ఇద్దరు చెరోలా చేస్తే ఇద్దరినీ బోర్డు దగ్గరికి పిలిచి చెప్పించు. గంట గడిచిపోతుంది. ఆ వర్క్‌షీట్ల కట్ట బీరువాలో పెట్టెయ్యి. డబ్బు పోతే పోయింది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. మీ అమ్మకి కూడా తెలీదు.

1989లో, నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. బడి హార్బరు వైపు. సగానికి పైగా జాలర్ల పిల్లలే. నోటి లెక్కలు టకటకా చెప్పేవాళ్ళు, రాత లెక్క ఇస్తే బిక్కమొహం వేసేవాళ్ళు. నాకో ఉపాయం తట్టింది. పెద్ద అట్ట మీద రంగు పెన్సిళ్ళతో రాసి గోడకి తగిలించాను. 'మొత్తం' అంటే కూడు, 'మిగిలింది' అంటే తీసెయ్యి, 'తలా' అంటే భాగించు. నెల తిరిగేసరికి క్లాసంతా గడగడా చేసేస్తోంది. తనిఖీకి వచ్చినాయన ఆ అట్టని పక్క క్లాసుల టీచర్లకి కూడా చూపించారు. నేను నేల మీద నడిస్తే ఒట్టు.

ఓసారి స్లిప్ టెస్టులో ఈ లెక్క ఇచ్చాను. 'రాము తన గోళీల్లో 8 తమ్ముడికి ఇచ్చాడు. ఇంకా 15 మిగిలాయి. మొదట రాము దగ్గర ఎన్ని ఉన్నాయి?' అందరూ 7 రాశారు. ఒక్క గుంటడు 23 రాశాడు. కట్ట దిద్దుతూ దిద్దుతూ ఆ 23 మీద ఎర్ర పెన్ను అడ్డంగా గీసేశాను. ఆ అట్ట పిల్లలకే కాదే, నాకూ పట్టేసింది!

వాడు పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఇచ్చేసినాక కదేటి టీచరూ పదిహేను మిగిలినాయి?" అన్నాడు. నేను అట్ట వైపు వేలు చూపించి, "మిగిలింది అంటే ఏం చెయ్యాలి?" అన్నాను. "తీసెయ్యాలి టీచర్!" అని క్లాసంతా ఒక్కసారిగా అరిచింది. వాడు వెళ్ళి కూర్చున్నాడు.

ఆ శనివారం పూర్ణా మార్కెట్లో కూరలు కొని పర్సు చూసుకుంటే పదిహేను రూపాయలున్నాయి. ఇంటినుంచి ఎంత తెచ్చానా అని ఖర్చయింది కలుపుకుంటున్నాను. కలుపుకుంటూ అక్కడే ఆగిపోయాను. కూరలావిడ "ఏటమ్మా, డబ్బులు పోనాయా?" అని అడిగింది కూడా.

సోమవారం ఏం చేశానో తెలుసా? వాడి పుస్తకం తెప్పించుకుని ఎర్ర గీత పక్కన ఒప్పు టిక్కు పెట్టి ఇచ్చేశాను. నోరు తెరిచి చెప్పలేదు. తప్పనడం నలుగురి ముందూ అన్నాను, ఒప్పు మాత్రం గుట్టుగా దిద్దాను. గోడకి సున్నం వేస్తారని చెప్పి అట్ట తీసేశాను. అది కూడా అబద్ధమే.

రెండు వారాల తర్వాత వాడు మళ్ళీ పలక పట్టుకుని వచ్చాడు. "టీచరూ, ఇది కూడాలా, తీసెయ్యాలా?" అన్నాడు. ఆలోచించడం వచ్చిన పిల్లాడు కూడా అదే మాట అడుగుతున్నాడంటే అది నా చేతి పనే. ఏడాది చివరిదాకా మరోలా అడగలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక ట్రైనింగులో ఫ్రాన్స్ సంగతి విన్నాను. 1980 ప్రాంతంలో గ్రెనోబుల్‌లో చిన్న క్లాసుల పిల్లలు 97 మందికి ఒక లెక్క ఇచ్చారట. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 76 మంది ఆ అంకెలతోనే ఏదో లెక్క కట్టి వయసు చెప్పేశారట. నీ క్లాసులో కూడా ఇచ్చి చూడు. మనది ఓడల ఊరే. ఎవరేం చెప్పినా నవ్వకు.

అందుకే ముందు అంకెలు దాచెయ్యి. 'రాము కొన్ని గోళీలు తమ్ముడికి ఇచ్చాడు, కొన్ని మిగిలాయి' అని కథలా చెప్పి ఊరుకో. ముందు ఎక్కువున్నాయా, ఇప్పుడా అని అడుగు. అడిగాక నువ్వే జవాబు చెప్పెయ్యకు, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టు. నీకు మీ నాన్న ఓపికే వచ్చిందని నా భయం. ఆ తర్వాత ఒక పొడుగు గడి గీయించి, ఇచ్చినవి ఒక ముక్క, మిగిలినవి ఒక ముక్క చేయించు. అంకెలు అప్పుడు బయటపెట్టు. జవాబు వచ్చాక దాన్ని మళ్ళీ కథలో పెట్టి చూడమను. 23లో 8 ఇస్తే 15 మిగిలాయా లేదా?

పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉంటాయి కదా. రాత లెక్క ఇచ్చినప్పుడు ముందు తెలుగు పేజీ చదివించు. భాష తెలీక ఆగిన పిల్లని లెక్క రాదని అనుకోకు.

రిటైరయ్యే ఏడాది 26 మంది పిల్లలు, ఆటోకి నలుగురు, బీచికి వెళ్ళాలంటే ఎన్ని ఆటోలు అని అడిగాను. ఆరు అన్నారు. మరి మిగిలిన ఇద్దరూ నడిచొస్తారా అన్నాను. ఒకమ్మాయి లేచి, "డ్రైవరుకి అటొకరు ఇటొకరు కూకుంటారు టీచరూ" అంది. మన ఊరి ఆటో సంగతి దానికి తెలిసినట్టు నాకు తెలీదు. ఆ ఆరుకి ఒప్పు పెట్టాను. ఈసారి అందరికీ వినబడేలా చెప్పాను.

నువ్వూ ఎప్పుడో తప్పు దిద్దుతావు. అలా జరిగిన రోజు సాయంత్రం దాకా ఆగకు.

నా చింతపిక్కల డబ్బా మీ అమ్మతో పంపిస్తున్నాను. మూత బిగుసుకుపోయింది, చెంచాతో తియ్యి. పొద్దున్న ఏదో ఒకటి తినకుండా బస్సెక్కకు. వానాకాలం కదా, ఇల్లు చేరగానే ఒక మిస్డ్ కాల్ ఇయ్యి.

పెద్దమ్మ