మాల్టా వెళ్తే బీచ్ కాకుండా ఇంకేం చూడాలి?

నన్నడిగితే ముందు హాల్ సఫ్లియేని హైపోజియం. నేల కింద రాతిని తొలిచి చేసిన ఈ సమాధి మందిరం వయసు సుమారు 5,000 ఏళ్లు. లోపలి రంగులు పాడవకూడదని రోజుకు కొద్దిమందినే పంపుతారు. అందుకే విమానం టికెట్‌తో పాటే దీన్నీ బుక్ చేసుకోండి, అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకుంటే దొరకడం కష్టం.

రాజధాని వలెట్టాలో సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్‌కి వెళ్లండి. ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1608లో గీసిన పెద్ద చిత్రం అక్కడుంది. ఆయన సంతకం ఉన్న చిత్రం అదొక్కటే, దాని ముందు తీరిగ్గా నిలబడండి.

వేసవి వారాంతాల్లో ఏదో ఒక ఊళ్లో ఫెస్టా జరుగుతుంటుంది: సెయింట్ విగ్రహం ఊరేగింపు, బ్యాండు, బాణసంచా. ఆదివారమైతే మార్సష్లొక్ అనే జాలర్ల ఊళ్లో చేపల సంత. కొమినో దీవిలోని నీలి నీళ్ల బ్లూ లగూన్‌కి మాత్రం ఆగస్టు మధ్యాహ్నాలు వద్దు, విపరీతమైన రద్దీ.

శాకాహారులకు బఠాణీ పాస్టిజ్జి (పొరలు పొరలుగా ఉండే పఫ్ లాంటి చిరుతిండి) ఉంటుంది, కానీ పిండిలో ఏ కొవ్వు వాడారో అడిగి తినండి.