ద్వీపాలకు వెళ్లండి, పాతికేళ్ల మెంబర్‌షిప్ మాత్రం వద్దు

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మావారు పరవాడ ఫార్మాసిటీలో పనిచేస్తారు, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరికీ కలిపి చేతికి నెలకు రూ.1.35 లక్షలు వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ రూ.32 వేలు. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదు. మాకు ద్వీపాలంటే పిచ్చి. 2016లో అండమాన్, 2018లో శ్రీలంక, 2022లో మాల్దీవులు, 2024 మేలో బాలి, మొన్న 2026 సంక్రాంతి సెలవుల్లో మళ్లీ అండమాన్ వెళ్లొచ్చాం. బోనస్ డబ్బు వాడతాం, చాలకపోతే పర్సనల్ లోన్. బాలి కోసం తీసుకున్న రూ.2 లక్షల లోన్‌కి ఇంకా మూడు ఈఎంఐలు ఉన్నాయి. పోయిన ఆదివారం ఒక హాలిడే మెంబర్‌షిప్ కంపెనీ వాళ్లు హోటల్‌కి డిన్నర్‌కి పిలిచారు. రూ.4.8 లక్షలు కడితే 25 ఏళ్లపాటు ఏటా ఏడు రాత్రులు గది ఇస్తారట, పైన ఏడాదికి రూ.18 వేలు మెయింటెనెన్స్. ఇది అసెట్ లాంటిదన్నారు. రూ.25 వేలు టోకెన్ కట్టేశాం. ఎలాగూ తిరుగుతాం కదా, తీసుకోవచ్చా? విశాఖలో ఉండి సముద్రం చూడ్డానికి అంత దూరం ఎందుకని మా అత్తగారి గొడవ వేరే.

జవాబు: ముందు టోకెన్ సంగతి చూద్దాం. ఈ రాత్రికే కంపెనీకి మెయిల్ పెట్టండి. మెంబర్‌షిప్ వద్దనుకుంటున్నాం, కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వండి అని రెండు ముక్కలు రాస్తే చాలు. ఫోన్‌లో చెబితే రికార్డు ఉండదు, పైగా మాటల్లో పెట్టి ఇంకో ఆఫర్ చూపిస్తారు. మీరు సంతకం పెట్టిన కాగితాల్లో రద్దుకు ఎన్ని రోజుల గడువు ఇచ్చారో వెతకండి. గడువులోపు అడిగినా ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఒకవేళ గడువు దాటిపోతే ఆ పాతిక వేలు రాకపోవచ్చు. అంతమాత్రాన, పోతాయేమోనని మిగతా నాలుగున్నర లక్షలు కట్టొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ప్రశ్నతో పాటు మీరు పంపిన మొన్నటి అండమాన్ ఖర్చుల లెక్కే కారణం. నలుగురికీ కలిపి రూ.2.1 లక్షలు అయింది. అందులో విమాన టికెట్లు రూ.96 వేలు. స్వరాజ్ ద్వీప్ (మనకు ఇంకా హేవ్‌లాకే), నీల్ దీవులు తిరిగిన ఫెర్రీలకు రూ.18 వేలు. తిండికి 21, టాక్సీలకు 14, స్కూబా, స్నార్కెలింగ్‌కి 22, చిల్లర ఖర్చులు ఆరు వేలు. ఆరు రాత్రులకు గదుల అద్దె రూ.33 వేలు, అంటే మొత్తంలో ఆరో వంతు కూడా లేదు. మెంబర్‌షిప్ తగ్గించేది ఈ ఒక్క ముక్కనే. మిమ్మల్ని నిజంగా తినేస్తున్నది టికెట్లు. వాటి జోలికి ఆ కంపెనీ రాదు.

ఇక ఆ గది నిజంగా ఎంతకు పడుతుందో చూడండి. రూ.4.8 లక్షల మీద 18 శాతం జీఎస్‌టీ కలిపితే రూ.5,66,400. ధరలో జీఎస్‌టీ కలిసే ఉందని మీకు చెప్పారా? చెప్పకపోతే కలవలేదనే అనుకోండి. అదే డబ్బు 6.5 శాతానికి ఎఫ్‌డీలో వేస్తే ఏడాదికి దాదాపు రూ.36,800 వడ్డీ వస్తుంది, అసలు మీ దగ్గరే ఉంటుంది. వదులుకునే వడ్డీకి మెయింటెనెన్స్ కలిపితే ఏడాదికి సుమారు రూ.54,800. ఏడు రాత్రులూ వాడుకుంటేనే రాత్రికి రూ.7,800 పైన. మీరు మొన్న కట్టింది రూ.5,500. పైగా మీరు ఏటా వెళ్లరు. రెండేళ్లకోసారి ఆరు రాత్రులు ఉంటే రాత్రికి రూ.18 వేలు దాటుతుంది. వాడని రాత్రులు తర్వాతి ఏడాదికి కలుస్తాయని చెబుతారు, సరే, పద్నాలుగు రోజులు మీవారికి సెలవు ఎవరిస్తారు? మెయింటెనెన్స్ కూడా రూ.18 వేల దగ్గరే ఆగకపోవచ్చు, ఏటా పెంచే హక్కు కంపెనీకి ఉందేమో ఒప్పందంలో చూడండి. ఇలాంటి ప్లాన్లలో రద్దీని బట్టి సీజన్లకు రంగులు పెడతారు. పిల్లల సెలవులన్నీ ఖరీదైన రంగులోనే పడతాయి. ఇక అసెట్ అన్న మాట: అమ్మకానికి పెట్టి చూస్తే తెలుస్తుంది, కొనేవాడు దొరకడమే కష్టం.

అమ్మడానికి వచ్చినవాళ్లు అడగని సంగతి ఇంకొకటి ఉంది. మీ పాప 2027 మార్చిలో పది పరీక్షలు రాసి ఇంటర్‌లో చేరుతుంది. ఆ రెండేళ్లు మన ఇళ్లలో ఎలా ఉంటాయో టీచర్‌గా మీకు నేను చెప్పక్కర్లేదు. జేఈఈయో, నీటో, ఈఏపీసెట్టో, ఏదైనా 2029 వేసవిదాకా ఊరు దాటే ఆలోచన ఉండదు. అంటే పాతికేళ్ల ఒప్పందంలో మొదటి మూడేళ్లు మీరు కదలకుండానే ఏటా మెయింటెనెన్స్ కట్టాలి. 2031లో బాబు ఇంటర్‌తో మళ్లీ ఇదే కథ.

ద్వీపాలు మానేయమని మాత్రం చెప్పను. పదేళ్లుగా వెళ్తున్నారంటే అది దుబారా కాదు, స్కూలు ఫీజులా మీ ఇంటికి ఎప్పుడూ ఉండే ఖర్చు. తప్పల్లా దాన్ని ప్రతిసారీ ఊడిపడ్డ ఖర్చులా చూసి అప్పు చేయడమే. బాలి లోన్ 15 శాతానికి తీసుకుని నెలకు రూ.9,700 చొప్పున 24 నెలలు కడుతున్నారు. చివరికి రూ.2 లక్షల అప్పుకి రూ.2.33 లక్షలు అవుతుంది. అదే రూ.9,700 అదే 24 నెలలు ముందుగా 6.5 శాతం ఆర్‌డీలో (రికరింగ్ డిపాజిట్) కట్టి ఉంటే దాదాపు రూ.2.49 లక్షలు చేతిలో ఉండేవి.

మేలో ఆ లోన్ తీరిపోతుంది. జూన్ నుంచి అదే తేదీకి అదే మొత్తం ఆర్‌డీకి వెళ్లేలా బ్యాంకులో పెట్టించండి. నెల ఖర్చులో మీకు తేడా తెలియదు, ఈఎంఐకి అలవాటు పడిన ఇల్లే కదా. 36 నెలలకు, అంటే 2029 వేసవికి, రూ.3.8 లక్షలు దాటుతుంది. బాలి ప్యాకేజీకి మీకు రూ.3.4 లక్షలు అయింది కాబట్టి, ధరలు కొంత పెరిగినా పెద్ద లోటు ఉండదు. ఆ నెలల్లో అండమాన్‌లో నైరుతి వానలు, ఫెర్రీలు ఆగిపోతుంటాయి. బాలిలో ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు పొడి కాలం, కాబట్టి అటే బాగుంటుంది. బోనస్‌ను ఈ లెక్కలోకి తేవద్దు, అది ఇంటర్ ఫీజుకి. విశాఖ పోర్టు నుంచి అండమాన్‌కు ఓడ ఉంది, టికెట్ చవక. కానీ రోజూ ఉండదు, ప్రయాణం రెండున్నర, మూడు రోజులు. పిల్లల సెలవులతో అది కుదిరే పని కాదు.

మీ అత్తగారి మాట పూర్తిగా ఒప్పుకోను. రుషికొండ బీచ్ మనదే అయినా, నీల్‌లో నీళ్ల కింద పగడాలు కనిపించినట్టు ఇక్కడ కనిపించవు. అయితే ఆవిడకు ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. మీవారి కంపెనీ పాలసీలో ఆవిడ పేరు ఉందా? లేకపోతే ఆర్‌డీ కంటే ముందు చేయాల్సిన పని అది.

పన్ను విషయాలు రెండు. బాలి ప్యాకేజీ మీద అప్పట్లో రూ.7 లక్షల లోపు 5 శాతం టీసీఎస్ (టూర్ అమ్మేవాళ్లు ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) ఉండేది, అంటే మీ నుంచి సుమారు రూ.17 వేలు తీసుకుని ఉంటారు. అది మీ పన్నులో సర్దుబాటయ్యే డబ్బు. ఆ ఏడాది రిటర్న్‌లో చూపించారో లేదో ఫారం 26ఏఎస్‌తో (మీ పేరున జమైన పన్నుల పట్టిక) పోల్చి చూడండి. ఈసారి విదేశాలకు వెళ్తే టీసీఎస్ కట్టినట్టు మీవారు ఆఫీసులో చెబితే, జీతంలో కోసే టీడీఎస్‌లోనే తగ్గిస్తారు.

రెండోది ఎల్‌టీఏ, అంటే సెలవు ప్రయాణ భత్యం. మీవారు పాత పన్ను విధానంలో ఉండి, జీతంలో ఎల్‌టీఏ ఉంటే మొన్నటి అండమాన్ విమాన ఛార్జీలకు మినహాయింపు దొరుకుతుంది. హోటల్, తిండి లెక్కలోకి రావు. విదేశాలకు అసలే వర్తించదు. 2022–25 నాలుగేళ్ల బ్లాకులో వాడని ప్రయాణం ఉంటే ఒకటి 2026లో వాడుకోవచ్చు, మీ జనవరి ట్రిప్పు సరిగ్గా అందులో పడింది. ఆఫీసులో ఈ ఏడాది లెక్కలు మూసేలోపు టికెట్లు, బోర్డింగ్ పాసులు ఇవ్వమనండి.