ఐటీఐ ఫిట్టర్ కోర్సులో అసలు ఏం నేర్పుతారు?

ఇది యంత్ర భాగాలను తయారుచేసి అమర్చే పని నేర్పే రెండేళ్ల కోర్సు, పదో తరగతి పాసైనవాళ్లు చేరొచ్చు. క్లాసులో కంటే వర్క్‌షాపులోనే ఎక్కువసేపు ఉంటారు. మొదట్లో ఇనుప ముక్కను వైస్‌లో (బల్లకు అమర్చిన పట్టుడు పనిముట్టులో) బిగించి ఆకురాయితో రుద్దడమే పని. రుద్దిన అంచుకు ట్రై స్క్వేర్ (మూల సరిగ్గా ఉందో లేదో చూసే L ఆకారపు పనిముట్టు) ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తారు. సందులోంచి వెలుగు కనబడిందా, మళ్లీ రుద్దాల్సిందే. చాలామందికి విసుగొచ్చేది ఇక్కడే, కానీ చేయి కుదిరేదీ ఇక్కడే. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

తర్వాత డ్రిల్లింగ్, ట్యాపింగ్ (రంధ్రం లోపల మరలు కోయడం), లేత్ (ముక్కను తిప్పుతూ చెక్కే మెషీన్) పని, కొంత వెల్డింగ్ ఉంటాయి.

పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ ఇస్తారు. వెంటనే అప్రెంటిస్‌గా చేరండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం స్టైపెండ్ కూడా వస్తుంది. అడ్మిషన్‌కు ముందు మాత్రం వర్క్‌షాపులోకి వెళ్లి, మెషీన్లు నిజంగా నడుస్తున్నాయో లేదో చూసుకోండి.