ఫేడ్ పెడితే లోగో అసలు కనిపించట్లేదు: సమాధానం

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో (కమాండ్లతో వీడియోలు మార్చే ప్రోగ్రామ్) వీడియో మీద లోగో వేస్తూ, అది మెల్లగా తేలేలా ఫేడ్ పెడితే అసలు కనిపించట్లేదని అడిగారు. మీ పీఎన్‌జీలో (లోగో బొమ్మ ఫైలులో) తప్పేమీ లేదు. ఫేడ్ తీసేస్తే లోగో వస్తోంది, 3వ సెకను నుంచి ఫేడ్ ఇన్ పెడితే మాయమవుతోంది అన్నారు కదా, తిరకాసంతా అక్కడే. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి బొమ్మంటే ఒకే ఒక్క ఫ్రేమ్, దాని టైము 0. ఆ టైముకి ఫేడ్ దాన్ని పూర్తిగా కనబడకుండా చేస్తుంది. ఓవర్‌లే (లోగోని వీడియో మీద అంటించే ఫిల్టర్) ఆ ఖాళీ ఫ్రేమ్‌నే చివరిదాకా అంటిస్తూ పోతుంది.

1. కమాండ్‌లో లోగో ఫైలుకున్న హైఫన్ ఐ (-i, ఇన్‌పుట్ ఫైలుని చెప్పేది) కి ముందు హైఫన్ లూప్ 1 (-loop 1) చేర్చండి. దాంతో బొమ్మ ఒక్క ఫ్రేమ్‌తో ఆగకుండా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. చాలామంది వదిలేసేది ఇదే. పెట్టినవాళ్లూ పొరపాటున ఎంపీ4 (వీడియో ఫైలు) ముందు పెట్టి, ఆ ఆప్షనే లేదన్న ఎర్రర్ తెచ్చుకుంటారు.

2. ఫేడ్‌లో ఎస్‌టీ=3 (మొదలయ్యే సెకను), డీ=1 (ఎన్ని సెకన్లు) తో పాటు ఆల్ఫా=1 (రంగు మీద కాక పారదర్శకత మీద ఫేడ్) ఉండాలి. లేకపోతే లోగో మొదట్నుంచీ నల్లటి మచ్చలా కూర్చుని, 3వ సెకనుకి రంగు తేలుతుంది.

3. ఓవర్‌లేలో షార్టెస్ట్=1 (రెండింట్లో చిన్నది అయిపోగానే ఆపు) ఇవ్వండి. లూప్ వల్ల లోగోకి ఇక అంతం లేదు. ఇది లేకపోతే వీడియో అయిపోయినా ఎన్‌కోడింగ్ ఆగదు, ఫైలు పెరుగుతూనే ఉంటుంది.

ఆడియోకి కాపీ (మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఉన్నదున్నట్టు తీసుకోవడం) పెట్టుకోవచ్చు. వీడియోకి కుదరదు, ఫిల్టర్ పడ్డాక మళ్లీ ఎన్‌కోడ్ కావాల్సిందే.